చిట్టీ కంపెనీ వెబ్‌సైటుకి రెండు వాకిళ్ళు

ఫోన్లో ఒక సైటు తెరిస్తే, పేజీ రాకముందే చిన్న పెట్టె ఒకటి పైకొచ్చి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగిందనుకోండి. మామూలు మనిషి ఏం చేస్తాడు? తనకు గుర్తున్న నంబర్లన్నీ వరసగా కొడతాడు. టి.నగర్లో నేను సర్వర్లు చూసుకునే ఒక చిట్టీ కంపెనీ చందాదారులు అదే చేశారు. పెరంబూరు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు. "చిట్టీ నంబరు కొట్టానమ్మా, ఆధార్ నంబరు కొట్టాను, చివరికి మా ఆవిడ పేరు కూడా కొట్టాను. తీసేస్తే మళ్ళీ వస్తోంది. ఇంతకీ నా చిట్టీ ఉందా, లేదా?"

చిట్టీ కంపెనీకి ఈ చివరి ప్రశ్న కంటే ప్రమాదం ఇంకోటి లేదు. సైటు తెరుచుకోకపోతే జనం సైటు పాడైందనుకోరు, కంపెనీ ఎత్తేశారనుకుంటారు.

అసలు ఆ పెట్టె ఆయన కోసం పెట్టింది కాదు, స్టాఫ్ కోసం. ఆ సైటుని రెండు రకాల మనుషులు వాడతారు. చందాదారులు ఇంట్లో కూర్చుని ఎన్ని వాయిదాలు కట్టాం, ఈ నెల పాట ఎంతకి పోయింది, డివిడెండ్ ఎంతొచ్చింది అని చూసుకుంటారు. స్టాఫ్ ఆఫీసులో అదే సైటులో రశీదులు కొడతారు, హామీదారుల కాగితాలు ఎక్కిస్తారు. స్టాఫ్ కోరిక ఒక్కటే: "పొద్దున కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు పాస్‌వర్డ్ కొట్టాం కదా, సైటులో మళ్ళీ ఎందుకు?" న్యాయమైన కోరికే. విండోస్‌లో లాగిన్ అయిన మనిషిని సైటు దానంతటదే గుర్తుపట్టే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. చిక్కల్లా, ఆ పద్ధతినీ మామూలు లాగిన్ పేజీనీ ఒకే చోట పెట్టడంలో ఉంది.

నాకంటే ముందు ఈ పని చూసినవాళ్ళు ఐఐఎస్‌లో (సైటుని నడిపే మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్) అనానిమస్, అంటే ఎవరో చెప్పకుండా లోపలికొచ్చే వీలు, తీసేసి, విండోస్ ఆథెంటికేషన్, ఫారమ్స్ ఆథెంటికేషన్ రెండూ ఎనేబుల్ చేసి వెళ్ళిపోయారు. ఈ రెండిటి నడక వేరు. విండోస్ పద్ధతిలో సర్వర్ 401 అని జవాబిస్తుంది, అంటే "నువ్వెవరో రుజువు చూపించు" అని బ్రౌజర్‌నే అడుగుతుంది. డొమైన్‌లో, అంటే ఆఫీసు కంప్యూటర్లనీ స్టాఫ్ ఖాతాలనీ కలిపి చూసుకునే ఏర్పాటులో, ఉన్న కంప్యూటర్ అయితే బ్రౌజర్ మనిషికి తెలియకుండానే రుజువు చూపించేస్తుంది. రుజువు లేని ఫోన్ పాపం ఆ పెట్టె తెచ్చి మన ముందు పెడుతుంది. ఫారమ్స్ పద్ధతిలో సర్వర్ 302 అని, "పక్కన లాగిన్ పేజీ ఉంది, అక్కడికి పో" అని పంపిస్తుంది. ఒకే అడ్రసుకి రెండు జవాబులూ ఇవ్వడం కుదరదు. రెండూ కలిపి ఆన్ చేస్తే ఐఐఎస్ మేనేజర్ కుడివైపు ప్యానెల్లో, వీటిని ఒకేసారి వాడకూడదని హెచ్చరిక చూపిస్తుంది కూడా. ఆ ప్యానెల్ చదివేవాళ్ళు మాత్రం తక్కువ.

ఇలాంటి పని చేతికొస్తే నెట్‌వర్క్ వాళ్ళ నుంచి మొదట వచ్చే సలహా ఒకటుంది. మా కేబుల్ పనులు చూసే తమిళ కుర్రాడూ అదే అన్నాడు: "ఐపీ చూసేయండక్కా. 192.168 తో మొదలైతే స్టాఫ్, లేకపోతే పబ్లిక్." ఐపీ అంటే నెట్‌వర్క్‌లో ప్రతి మెషీన్‌కీ ఉండే నంబరు, 192.168 తో మొదలయ్యేవి ఆఫీసు లోపలివి. వినడానికి బాగానే ఉంటుంది. పాట రోజు హాల్లోకి వెళ్ళి చూస్తే తెలుస్తుంది అందులో ఏముందో. పాటకొచ్చిన చందాదారులకి కంపెనీ వాళ్ళు మర్యాదగా కాఫీతోపాటు వైఫై కూడా ఇస్తారు. ఆ వైఫై క్యాష్ కౌంటర్ ఉన్న రూటర్ నుంచే వస్తోంది. అంటే హాల్లో కుర్చీలో కూర్చున్న యాభై మందీ ఐపీ లెక్కన స్టాఫే! ఇటువైపు, మాధవరం నుంచి రెడ్‌హిల్స్ దాకా బండి మీద తిరిగి వసూలు చేసుకొచ్చే ఏజెంట్లు అచ్చంగా కంపెనీ మనుషులు. వాళ్ళ ఫోన్లు మాత్రం ఎప్పుడూ బయటే.

లోపల ఉండటం వేరు, లోపలి మనిషి కావడం వేరు. ఈ రెండూ ఒకటేననుకుని కట్టిన లాగిన్లే నేను చూసినవాటిలో ఎక్కువ.

పాత కోడ్‌లో ఐపీ చూసే చోట ఇంకో ఘనకార్యం కూడా ఉంది. బయటి రిక్వెస్టులు ముందున్న ప్రాక్సీ (వాటిని అందుకుని లోపలికి పంపే సర్వర్) మీదుగా వస్తాయి కాబట్టి, అసలు ఐపీ కోసం రిక్వెస్టుతో పాటు వచ్చే ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్ అనే వివరం మొదట్లో ఏముంటే దాన్ని నమ్మేశారు. ఆ హెడర్‌ని పంపేవాడే రాసుకోవచ్చు. కాస్త తెలిసిన కాలేజీ కుర్రాడు అందులో 192.168.1.10 అని రాసి పంపితే, ఈ సైటు వాణ్ణి క్యాషియర్ పక్క సీట్లో కూర్చోబెడుతుంది. మన ప్రాక్సీ తన చేత్తో చేర్చిన ఐపీని తప్ప ఆ హెడర్‌లో దేన్నీ నమ్మకూడదు. ఆ ఐపీని కూడా లాగ్‌లో రాసుకోవడానికి వాడాలి గానీ, మనిషెవరో తేల్చడానికి కాదు.

అందుకని నేను చేసింది ఇది. సైటు మొత్తానికి విండోస్ ఆథెంటికేషన్ తీసేశాను. పేజీలన్నీ ఒక్క కుకీనే, అంటే లాగిన్ అయినట్టు బ్రౌజర్ దాచుకునే చీటీనే, చూస్తాయి: ఉంటే రానిస్తాయి, లేకపోతే అది ఇచ్చే వాకిలికి పంపిస్తాయి. కుకీ ఇచ్చే వాకిళ్ళు మాత్రం రెండు. ఒకటి చందాదారుల లాగిన్ పేజీ. రెండోది అదే సైటు కింద స్టాఫ్ పేరుతో విడిగా పెట్టిన చిన్న అప్లికేషన్. అందులో విండోస్ ఆథెంటికేషన్ తప్ప ఏమీ లేదు, ఒకే ఒక్క పేజీ. డొమైన్ కంప్యూటర్ నుంచి వచ్చినవాళ్ళని గుర్తుపట్టి, స్టాఫ్ గ్రూపులో ఉన్నారో లేదో చూసి, కుకీ చేతిలో పెట్టి అసలు సైటుకి పంపేస్తుంది. లోపల డీఎన్‌ఎస్‌లో (ఏ పేరుకి ఏ ఐపీయో చెప్పే పట్టిక) సైటు పేరు ఆఫీసు సర్వర్‌కి, బయట అదే పేరు ప్రాక్సీకి వెళ్తుంది కాబట్టి స్టాఫ్‌కీ జనానికీ అడ్రసు ఒకటే. బయటి నుంచి స్టాఫ్ దారి కోసం ఎవరైనా వస్తే ప్రాక్సీ దగ్గరే 404, అంటే పేజీ లేదన్న జవాబు. అక్కడ అలాంటిదొకటుందని వీధిలో పోయేవాళ్ళకి తెలియాల్సిన అవసరం లేదు.

ఇది మైక్రోసాఫ్ట్ వాళ్ళ డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీద నడిచే పాత సైటు. ఒక అప్లికేషన్ ఇచ్చిన కుకీని ఇంకోటి చదవాలంటే రెండిటి వెబ్ కాన్ఫిగ్ అనే సెట్టింగుల ఫైల్లోనూ మెషీన్ కీ (కుకీకి వేసే తాళం చెవి) ఒకటే ఉండాలి, కుకీ పేరూ ఒకటే ఉండాలి. ఏమీ రాయకుండా వదిలేస్తే ఐఐఎస్ అప్లికేషన్‌కొక కీ దానంతటదే తయారు చేసుకుంటుంది. అప్పుడు స్టాఫ్ పేజీ కుకీ ఇస్తుంది, సైటు అది చెల్లదంటుంది, మళ్ళీ స్టాఫ్ పేజీకి పంపుతుంది. బ్రౌజర్ అలా గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. కొత్తగా కట్టేవాళ్ళకి దాని కొత్త తరం ఏఎస్‌పి డాట్‌నెట్ కోర్‌లో ఇంత తంటా లేదు. కుకీ, నెగోషియేట్ (అంటే విండోస్ పద్ధతి) అని రెండు స్కీములు ఒకే అప్లికేషన్‌లో పెట్టుకుని, నెగోషియేట్‌ని ఆ ఒక్క పేజీకి మాత్రమే తగిలించుకోవచ్చు. ఎక్కడైనా కుకీకి సెక్యూర్, హెచ్‌టీటీపీఓన్లీ, సేమ్‌సైట్ లాక్స్ అనే మూడు రక్షణ సెట్టింగులూ పెట్టడం మరవద్దు.

స్టాఫ్ వాకిలి పని చేయడానికి కెర్బెరాస్, అంటే విండోస్ డొమైన్ మనిషిని గుర్తుపట్టే పద్ధతి, సరిగ్గా కుదరాలి. ఎక్కువ పొద్దు పోయింది ఇక్కడే. కెర్బెరాస్‌లో పాస్‌వర్డ్ సైటు దాకా రాదు. "ఫలానా సైటుకి టికెట్ కావాలి" అని కంప్యూటర్ డొమైన్ కంట్రోలర్‌ని (డొమైన్‌ని నడిపే సర్వర్) అడిగి తెచ్చుకుని సర్వర్‌కి చూపిస్తుంది. ఆ సైటు పేరు ఏ అకౌంట్ కింద నడుస్తోందో డైరెక్టరీలో (డొమైన్ ఖాతాలన్నీ ఉండే జాబితా, పూర్తి పేరు యాక్టివ్ డైరెక్టరీ) రాసి ఉండాలి, దాన్నే ఎస్‌పిఎన్ అంటారు. సెట్‌ఎస్‌పిఎన్ కమాండ్‌కి ఎస్ ఆప్షన్ పెట్టి రాస్తే, అదే పేరు ఇంకో అకౌంట్ కింద ఉందేమో చూసి మరీ రాస్తుంది. ఒకే పేరు రెండు అకౌంట్ల కింద ఉంటే కెర్బెరాస్ చేతులెత్తేస్తుంది. పాతవి ఎక్కడైనా రెండేసి ఉన్నాయేమో చూడటానికి ఎక్స్ ఆప్షన్. ఇక్కడ అలాంటిది ఒకటి దొరికింది, ఎప్పుడో తీసేసిన సర్వర్ తాలూకు అకౌంట్ కింద. యాప్ పూల్‌ని, అంటే ఐఐఎస్‌లో సైటు నడిచే ప్రాసెస్‌ని, డొమైన్ అకౌంట్ మీద నడిపేటప్పుడు యూజ్ యాప్‌పూల్ క్రెడెన్షియల్స్ అనే సెట్టింగ్‌ని ట్రూ చేయాలి. లేకపోతే ఐఐఎస్ ఆ టికెట్‌ని సర్వర్ సొంత అకౌంట్ అయిన మెషీన్ అకౌంట్‌తో విప్పాలని చూసి విప్పలేకపోతుంది.

ఇంకో తిరకాసు బ్రౌజర్ దగ్గర. సైటు పేరులో చుక్కలుంటే విండోస్ దాన్ని ఇంటర్నెట్ కిందే లెక్కేస్తుంది, ఆ సైటు సర్వర్ మీ బల్ల కిందే ఉన్నా సరే. దానంతటదే రుజువు చూపించదు. గ్రూప్ పాలసీలో (డొమైన్ కంప్యూటర్లకి ఒకేచోట నుంచి పెట్టే సెట్టింగులు) ఆ ఒక్క పేరునీ లోకల్ ఇంట్రానెట్ జోన్‌లో చేర్చాలి. క్రోమ్, ఎడ్జ్‌లకి ఆథ్ సర్వర్ అలౌలిస్ట్ అనే పాలసీ ఉంది. ఫైర్‌ఫాక్స్‌కి విడిగా నెగోషియేట్ ఆథ్ ట్రస్టెడ్ యూఆర్‌ఐస్ ఉంది. తొందరపడి ఆ చోట నక్షత్రం గుర్తు పెట్టేసేవాళ్ళున్నారు. అలా పెడితే మీ స్టాఫ్ బ్రౌజర్ అడిగిన ప్రతి సైటుకీ తన రుజువులు పంచిపెడుతుంది. డీఎన్‌ఎస్‌లో ఆ పేరుని సీనేమ్‌గా (ఇంకో పేరుకి మారుపేరు) పెట్టకుండా ఎ రికార్డుగానే (నేరుగా ఐపీ) పెట్టడం మేలు. సీనేమ్ అయితే క్రోమ్ దాని వెనకున్న అసలు పేరు పట్టుకుని, ఆ పేరు మీద టికెట్ అడుగుతుంది. ఎస్‌పిఎన్ మనం రాసింది ఒక పేరు మీద, అది అడిగేది ఇంకో పేరు మీద.

మెట్ల కింద గదిలో ఉన్న సర్వర్ గడియారం కూడా చూసుకోవాల్సి వచ్చింది. కెర్బెరాస్ మామూలుగా ఒప్పుకునే తేడా 5 నిమిషాలే. అది దాటితే టికెట్ ఎంత మంచిదైనా చెల్లదు.

ఇన్నీ కుదరకపోయినా సైటు పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది, అదే అసలు మోసం. కెర్బెరాస్ కుదరకపోతే బ్రౌజర్ చడీచప్పుడు లేకుండా ఎన్‌టిఎల్‌ఎమ్ అనే పాత పద్ధతికి దిగిపోతుంది. లాగిన్ అయిపోతుంది, అందరూ సంతోషం. ఎన్‌టిఎల్‌ఎమ్‌కి కాలం చెల్లిందని మైక్రోసాఫ్టే 2024 జూన్‌లో ప్రకటించింది. పైగా అది రిక్వెస్టుని కాక కనెక్షన్‌ని గుర్తుపెట్టుకుంటుంది. మధ్యలో ప్రాక్సీ ఉండి నలుగురి రిక్వెస్టుల్ని ఒకే కనెక్షన్‌లో పంపితే ఒకరి పేరు మీద ఇంకొకరు లోపలికొచ్చే ప్రమాదం ఉంది. స్టాఫ్ కంప్యూటర్లో కేలిస్ట్ కమాండ్ కొట్టి, మన సైటు పేరు మీద టికెట్ కనిపిస్తేనే పని అయినట్టు లెక్క.

అంతా అయ్యాక క్యాష్ కౌంటర్ దగ్గరికెళ్ళాను. అక్కడ అసలు కథ వేరే ఉంది. ఆ కంప్యూటర్లో విండోస్ పొద్దున ఒకసారి లాగిన్ అవుతుంది, కౌంటర్1 అనే పేరుతో. రోజంతా ఎవరు కూర్చున్నా అదే పేరు. మధ్యాహ్నం మనిషి మారినా లాగాఫ్ అయ్యేవాళ్ళు లేరు. పాత మెషీన్, మళ్ళీ పైకి లేచేసరికి వరస గుమ్మం దాకా వస్తుంది. స్టాఫ్ వాకిలి ఇక్కడ చక్కగా పనిచేసింది, రశీదులన్నీ కౌంటర్1 రాసినట్టు నమోదయ్యాయి. కౌంటర్1 అనే మనిషి కంపెనీలో లేడు.

కాబట్టి కౌంటర్ మెషీన్లకి ఆ సౌకర్యం తీసేసి, స్టాఫ్ నంబరూ పిన్నూ కొట్టమన్నాను, కాసేపు ఎవరూ ముట్టకపోతే మళ్ళీ అడిగేలా. అక్కడుండే పెద్ద క్యాషియరమ్మ కళ్ళజోడు పైకి తోసి నావైపు చూశారు.

"అందరికీ తీసేసి మాకే పెట్టావేందమ్మా? రోజుకి ఎన్నిసార్లు కొట్టాలి?"

"లేచినప్పుడల్లా మేడమ్. పోయిన దీపావళప్పుడు సాయంత్రం లెక్కలో 500 తగ్గిందన్నారు కదా, అది ఎవరి చేతిలో తగ్గిందో తేలిందా?"

"ఎక్కడ తేలింది. ఇద్దరం చెరి సగం వేసుకున్నాం."

కాసేపాగి ఆవిడే, "నాలుగంకెలు చాలా, ఆరు పెట్టుకోమంటావా?" అన్నారు. ఆరు పెట్టించాను.

లాగౌట్ బటన్‌ది కూడా ఇలాంటి గొడవే. విండోస్ వాకిలి నుంచి వచ్చినవాళ్ళు లాగౌట్ నొక్కితే కుకీ పోతుంది, సైటు వెంటనే మళ్ళీ స్టాఫ్ వాకిలికి పంపుతుంది, రెప్పపాటులో మళ్ళీ లోపల. నొక్కినా పనిచేయట్లేదని ఫోన్లు. లాగౌట్ తర్వాత ఎవరికైనా కనిపించే ఒక ఖాళీ పేజీ పెట్టి, అందులో మళ్ళీ రావడానికి ఒక బటన్ ఇస్తే సరిపోయింది.

చందాదారుల వైపు పాస్‌వర్డ్ జోలికే పోలేదు. మొబైల్ నంబరు, ఓటీపీ. ఇక్కడ తలనొప్పి మన కోడ్‌లో ఉండదు, ఎస్సెమ్మెస్ దారిలో ఉంటుంది. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పంపేవాళ్ళ హెడర్ (మెసేజ్ పైన కనిపించే పేరు), మెసేజ్ టెంప్లేట్ ముందే టెలికం కంపెనీల డీఎల్‌టీ రిజిస్టర్లో నమోదు చేసుకోవాలి. నమోదు చేసిన వాక్యంలో ఒక్క మాట మార్చి పంపినా మెసేజ్ దారిలోనే ఆగిపోతుంది. మార్కెటింగ్ వాళ్ళు శుభాకాంక్షలు చేరుద్దామని సరదాపడితే ఆ రోజు ఓటీపీలు ఎవరికీ రావు.

ఓటీపీ ఒక్కదాన్నే నమ్ముకోనూలేదు. వదిలేసిన నంబర్లని టెలికం కంపెనీలు కనీసం 90 రోజులాగి వేరేవాళ్ళకి ఇచ్చేస్తాయి. ఐదేళ్ళ కిందట చేరిన చందాదారు నంబరు ఇవాళ ఎవరి చేతిలో ఉందో! అందుకని కొత్త ఫోన్ నుంచి మొదటిసారి వచ్చినప్పుడు పాస్‌బుక్ నంబరు కూడా అడుగుతున్నాం. ఇంకోటి, మన ఇళ్ళల్లో ఒకే నంబరు మీద అత్తగారి చిట్టీ, కోడలి చిట్టీ రెండూ ఉంటాయి. నంబరుకొక మనిషి అనుకుని టేబుల్ కట్టకూడదు. లాగిన్ అయ్యాక ఎవరి చిట్టీ అని అడిగి, ఆ పాస్‌బుక్ నంబరు చెబితేనే చూపిస్తున్నాం. కోడలు ఏ నెలలో పాడుకుందో అత్తగారికి తెలియడం వల్ల వచ్చే గొడవలు నా సర్వర్ లాగ్‌లో కనపడవు.

ఈ రెండు వైపులనీ విడదీయడంలో ఇంకో లాభం ఉంది. ఆ పెట్టె రాకముందు, ఇంకా పాత పద్ధతిలో, అందరికీ ఒకే లాగిన్ ఫారం ఉండేదట. అది ముందు యాక్టివ్ డైరెక్టరీలో వెతికి, దొరక్కపోతే చందాదారుల టేబుల్లో చూసేది. పాలసీ ప్రకారం 5 తప్పులకి అకౌంట్ లాక్. బయట ఎక్కడో కూర్చున్న ఏ బాట్ అయినా స్టాఫ్ పేర్లు ఊహించి తప్పు పాస్‌వర్డ్‌లు కొడితే, సోమవారం పొద్దున క్యాషియర్ తన కంప్యూటర్లోకే పోలేదు. ఇప్పుడు వీధివైపు ఫారం డైరెక్టరీ మొహం కూడా చూడదు.

బండి మీద తిరిగే ఏజెంట్లకి మూడో ఏర్పాటు. స్టాఫే, బయటి వాకిలే, కానీ డైరెక్టరీతో సంబంధం లేని పాస్‌వర్డ్, దానితో ఆథెంటికేటర్ యాప్‌లో 30 సెకన్లకోసారి మారే ఆరంకెల కోడ్. సిగ్నల్ లేని సందుల్లో ఎస్సెమ్మెస్ కోసం ఎదురుచూడక్కర్లేదు, ఆ కోడ్ ఫోన్లోనే తయారవుతుంది. వాళ్ళకి కనిపించేది కూడా తమ లైన్‌లో చందాదారులే.

స్టాఫ్‌లో సగం మందికి అదే కంపెనీలో చిట్టీలున్నాయి. స్టాఫ్‌గా లోపలికొచ్చినప్పుడు తన చిట్టీ మీద తనే రశీదు కొట్టుకునే వీలు ఉండకూడదు. అందుకని ఒకే మనిషైనా రెండు ఖాతాలు, చిట్టీ చూసుకోవాలంటే చందాదారు వాకిలి నుంచే రావాలి. స్టాఫ్ ఖాతాని లాగిన్ పేరుతో కాకుండా డైరెక్టరీ ఒక్కో ఖాతాకి విడిగా ఇచ్చే ఆబ్జెక్ట్ గైడ్ అనే గుర్తింపు నంబరుతో కట్టాను. పెళ్ళయి ఇంటిపేరు మారితే లాగిన్ పేరు మార్చమంటారు, గైడ్ మాత్రం మారదు.

హాల్లో వైఫైని వేరే వీల్యాన్‌లోకి (ఆఫీసు నెట్‌వర్క్ నుంచి విడదీసిన భాగం) మార్పించి, బయటి డీఎన్‌ఎస్ ఇప్పించాను. ఇప్పుడు పాటకొచ్చినవాళ్ళు ఆఫీసు గోడల మధ్య కూర్చున్నా పాండీబజార్లో నిలబడ్డవాళ్ళతో సమానం. పరీక్షలు కూడా అలాగే చేశాం: వైఫై ఆపిన ఫోన్, హాల్ వైఫై, కౌంటర్ మెషీన్, డొమైన్‌లో లేని నా ల్యాప్‌టాప్. అన్నీ బాగున్నాయనుకున్న రోజు రాత్రి ఓనరు గారి ఫోన్.

"ఇంట్లో నుంచి స్టాఫ్ లింక్ తెరిస్తే పేజీ లేదంటోందేమ్మా?"

"బయటి నుంచి అది రాదు సార్. మీరు కూడా ఏజెంట్ల లాగా కోడ్‌తో రావాలి."

"నేను ఓనర్ని కదమ్మా!"

మర్నాడు ఆయన ఫోన్లో యాప్ నేనే పెట్టి, ఫోన్ పోతే పనికొస్తాయని బ్యాకప్ కోడ్‌లు ప్రింట్ తీసి ఇచ్చాను. కాగితం మడిచి ల్యాప్‌టాప్ బ్యాగులోకి తోస్తున్నారు. అక్కడ వద్దు సార్, ఇంట్లో బీరువాలో పెట్టమని చెప్పి మేడమ్ గారికివ్వండి అన్నాను.